రెండో గంట కొట్టే లోపు

కుట్టుమిషను ఆగి అరగంటైంది.

ఆ ఇంట్లో మిషను ఆగిందంటే అన్నాల వేళైనా అయి ఉండాలి, సూదైనా విరిగి ఉండాలి. ఈ రోజు రెండూ కాదు. దర్జీ సగం కుట్టిన చొక్కా చేతిని సూది కిందే వదిలేసి లేచాడు. వీధి తలుపు మూసి, గడియ వేసి, ఆ గడియకే వీపు ఆనించి నిలబడ్డాడు. పట్టపగలు ఆ తలుపు మూసి ఉండడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు.

తలుపు కింది సందులోంచి రెండు పాదాల నీడ లోపలికి పడుతోంది. ఎవరో నిలబడే ఉన్నారు.

దర్జీ భార్య వంటగది గుమ్మంలో పీట మీద కూర్చుని ఆ నీడనే చూస్తోంది. వీధికంతటికీ ఆమె పంతులమ్మ. నిన్న పొద్దున బడి గోడకి జాబితా అంటించినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు, ఈ రోజు బడికీ వెళ్ళలేదు. పైన పెద్ద అక్షరాలతో 'ఈ చిరునామాలలో లేని ఓటర్లు' అని రాసి ఉంది. కింద వెనక వీధి వాళ్ళ పేర్లు, అరవై మూడు. అట్టడుగున, ఇల్లిల్లూ తిరిగి విచారించినది ఫలానా ఉపాధ్యాయిని అని ఆమె పేరు. అదీ ఆమె పాఠం చెప్పే గది గోడకే.

"పంతులమ్మా," అంది బయటి గొంతు. "నేనండీ, ఇస్త్రీ ఆవిడ్ని. బట్టలు తెచ్చాను."

దర్జీ పెదవుల మీద వేలు పెట్టుకుని భార్య వంక చూశాడు.

"ఇస్త్రీ బట్టలేరా. తలుపు తియ్యి," అంది అతని తల్లి మంచం మీంచి.

"నువ్వు ఊరుకో అమ్మా."

"ఊరుకుంటే ఇంట్లో లేమనుకుంటుందా? ఇందాక దగ్గింది నేనే కదా."

బయట మూట కింద పెట్టిన చప్పుడైంది.

"పోట్లాటకి రాలేదండీ," అంది ఇస్త్రీ ఆవిడ, తలుపుతో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా. "పోట్లాడేవాళ్ళు వేరే ఉన్నారు. పనుల్లోంచి దిగాక సాయంత్రం వస్తారంట. గోడ మీద మా పేర్లు పడ్డాయంట కదా. మా ఆయనకి భలే సంతోషం. ఉన్నవాళ్ళ లిస్టులో ఎప్పుడూ చూసుకోలేదు, లేనివాళ్ళ లిస్టులోనన్నా చూసుకుందాం పద అన్నాడు. వెళ్ళి చూసుకున్నాం."

దర్జీ గడియ మీదనుంచి వీపు తియ్యలేదు.

"లిస్టులో లేనివాళ్ళు వీధిలో లేనట్టేనంట. వీధిలో లేనివాళ్ళకి ఇళ్ళేమిటి అంటున్నారంట. పోయిన వారం కొత్త రోడ్డుకని టేపు పెట్టి కొలుచుకుపోయారు చూడండి, అందుకేనంట. నాకేం తెలుసు. మా అమ్మాయి మీ దగ్గరే చదివింది. ఆ చెయ్యి పేరు కొట్టేసే చెయ్యి కాదే అన్నాను. నా మాట ఎవరు వింటారు. దుప్పటి జాగ్రత్తగా విప్పుకోండమ్మా, మడతలు చెదిరిపోతాయి."

పాదాల నీడ కదిలి వెళ్ళిపోయింది.

పంతులమ్మ తలుపు తీసి, జరిగింది ఇదీ అని చెబుదామని అప్పటికి మూడు సార్లు లేవబోయింది. లేచి ఏం చెబుతుంది? చెబితే ఎవరు నమ్ముతారు?

బళ్ళో మొదటి గంటకి ఆమె హాజరు పిలుస్తుంది. రానివాళ్ళ ఎదురుగా పెన్సిలుతో సున్నా పెడుతుంది. రెండో గంట కొట్టే లోపు ఒక్కొక్కరే ఆయాసపడుతూ, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వస్తారు. వచ్చినవాడి సున్నాకి అడ్డంగా గీత గీస్తుంది. రెండో గంట మోగేదాకా ఆమె తరగతిలో రానివాడంటూ లేడు. ఇరవై రెండేళ్ళుగా అంతే.

ఓటర్ల పుస్తకం ఇచ్చి ఇల్లిల్లూ తిరగమన్నప్పుడు వెనక వీధికి ఆమె ఓ పనిరోజు పది గంటలకి వెళ్ళింది. ఆ వేళ ఆ వీధిలో ముసలివాళ్ళూ కుక్కలూ తప్ప ఎవరుంటారు? మనిషి కనబడకపోతే గడి ఖాళీగా వదలమని కాయితంలో ఉంది. ఆమె ఆ మాట చదివింది కూడా. చదివింది కళ్ళు, రాసింది చెయ్యి. చెయ్యి ఇరవై రెండేళ్ళ అలవాటు చేసింది. ఆదివారం మళ్ళీ వెళ్ళి అందరికీ గీతలు గీద్దామనుకుంది. శనివారమే ఈ ఓటర్ల పని చూసే సూపర్‌వైజరు వచ్చి, "ఓసారి చూసి ఇస్తాను మేడమ్," అని పుస్తకం పట్టుకుపోయాడు.

ఆ చూడడం ఇంకా అవలేదు.

దర్జీ తలుపు జానెడు తెరిచి, మూట లోపలికి లాగి, మళ్ళీ గడియ పెట్టాడు.

అత్తగారికి ఇస్త్రీ మూట వచ్చిందంటే లెక్క చూసుకోనిదే తోచదు. మంచం మీదకి లాక్కుని ఒకటొకటే తీసింది. "చొక్కాలు నాలుగు. లంగాలు రెండు. కోడలు బడికి కట్టుకునే చీరలు మూడు. దుప్పటి... ఇదేమిటే, దుప్పటి ఇంత బరువుంది?"

మడతల మధ్యలోంచి ముడేసిన చేతిరుమాలు జారింది. ముడి విప్పితే లోపల రబ్బరుబ్యాండు చుట్టిన కార్డుల కట్ట. ఓటరు కార్డులు. అంచులు అరిగినవి, పసుపుపచ్చగా మారినవి, ఫొటోలో మొహం మాసిపోయి జుట్టు మాత్రం మిగిలినవి. పైన ఉన్నది ఇస్త్రీ ఆవిడది.

అత్తగారు బొటనవేలితో కట్ట అంచు తిప్పి చూసింది.

"వీధి వీధంతా ఉంది ఇందులో," అంది అత్తగారు.

"కార్డులు లాగేసుకుంటారని పుకారు పుట్టి ఉంటుంది," అంది పంతులమ్మ. అంత సేపటికి ఆమె నోరు విప్పడం అదే. "మన దగ్గర దాచమని ఇచ్చింది."

"దాచమని కాదు, ఇరికించడానికి ఇచ్చింది," అన్నాడు దర్జీ. గొంతు పైకి రాకుండా అరవడం అతనికి బాగా వచ్చు. "పేర్లు నువ్వే కొట్టేశావని గోడ మీదుంది. ఇప్పుడు కార్డులు కూడా నీ ఇంట్లోనే ఉన్నాయి. రేపెవడో వచ్చి చూస్తే ఏమంటాడు? పంతులమ్మ ఇంటింటికీ తిరిగి కార్డులు పోగేసుకుంది అంటాడు. అనడా?"

"ఆవిడ అలాంటి మనిషి కాదు."

"నువ్వూ అలాంటి మనిషివి కాదు. ఏమైంది మరి?"

దర్జీకి ఆ మాట అన్నాక అక్కడ నిలబడబుద్ధి కాలేదు. మిషను దగ్గరికి వెళ్ళి, కూర్చుని, తొక్కకుండా చక్రం మీద చెయ్యి వేసుకున్నాడు.

వీధిలో మోటారుసైకిలు ఆగింది. ఆ చప్పుడు ముగ్గురికీ తెలుసు. దర్జీ తమ్ముడిది. ఊరి ఆ చివర కాపురం ఉంటాడు, వార్డు నాయకుడి వెనక తిరుగుతాడు. నాయకుడు తుమ్మితే ఇతను రుమాలు తీస్తాడని వాళ్ళమ్మే అంటుంది.

"వదినా, నేనే. సూపర్‌వైజరు గారిని తీసుకొచ్చాను."

దర్జీ కార్డుల వంక చూశాడు. పంతులమ్మ కార్డుల వంక చూసింది. దాచడానికి చోటు వెతికే తీరిక లేదు. అత్తగారు కార్డుల కట్టను దుప్పటి కిందకి తోసి, దుప్పటి మీద తను కూర్చుని, కాళ్ళు చాపుకుంది.

"తియ్యరా తలుపు. ఎవరో పైవాళ్ళు వచ్చినట్టు చూస్తావేం."

సూపర్‌వైజరు కళ్ళజోడు మనిషి. చంకలో ఓటర్ల పుస్తకం, చేతిలో ఒక కాయితం. కూర్చోమనేదాకా కూర్చోలేదు. మంచినీళ్ళు అడిగి ఒక గ్లాసు తాగాడు, అడక్కుండానే ఇంకోటి ఇస్తే అదీ తాగాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. భయపెట్టడానికి వచ్చినవాడి మొహంలో తన మొహమే కనిపించేసరికి పంతులమ్మకి మరింత భయం వేసింది.

"వట్టి కాయితమే మేడమ్. ఒక సంతకం," అన్నాడు.

ఆమె తీసుకుని చదివింది. 'వెనక వీధికి మూడు వేర్వేరు దినములలో స్వయముగా వెళ్ళితిని. పై వ్యక్తులు సదరు చిరునామాలలో నివసించుట లేదని విచారించి తెలుసుకొంటిని.'

"నేను వెళ్ళింది ఒక్కసారి."

"తెలుసు మేడమ్."

"తెలిసే రాశారా?"

"నేను రాయలేదు. రాసి ఉన్నది తెచ్చాను."

"ఎవరు రాశారు మరి?"

"పైనుంచి వచ్చింది."

"పైనంటే? మేడ మీదా?" అంది అత్తగారు.

"అమ్మా, నువ్వుండవే," అన్నాడు చిన్నకొడుకు. "పైనంటే ప్రభుత్వం."

"నాకు డెబ్భై రెండేళ్ళు. ప్రభుత్వాన్ని ఇంతవరకూ చూడలేదు. ఎప్పుడు తలుపు కొట్టినా ఎవరో ఒకమ్మ కన్న కొడుకే వచ్చేవాడు. ఈ రోజు ఈ అబ్బాయి వచ్చాడు." సూపర్‌వైజరు వైపు తిరిగింది. "నువ్వు కాదా బాబూ ప్రభుత్వం?"

అతను ఖాళీ గ్లాసులోకి చూసుకున్నాడు. "నేనా? నాకు పదకొండేళ్ళ సర్వీసుందండీ. అంతే."

"మరి నువ్వు కాక, మా కోడలు కాక, పైన ఉన్నాయన కనబడక, అరవై మూడు మందిని లేకుండా చేసిందెవరు?"

పంకా కిర్రుకిర్రుమంటోంది.

"సంతకం పెట్టకపోతే?" అంది పంతులమ్మ.

సూపర్‌వైజరు బెదిరించలేదు. మందుల చీటీ చదివినట్టు చెప్పాడు. "జాబితా తప్పంటారు. తప్పు చేసిందెవరంటారు. ముందు మీరు, మీ వెనక నేను. కావాలని చేశారని రాస్తే ఉద్యోగంతో ఆగదు. నిన్న పక్క వార్డులో ఒక టీచర్ని మాట్లాడాలని పిలిచారు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు."

"ఇంటికి రాలేదా?"

"రాలేదు మేడమ్."

ఆమె కాయితాన్ని మళ్ళీ మొదటినుంచి చదివింది.

"వదినా, నేను చెప్పేది విను," అన్నాడు మరిది, స్టూలు దగ్గరికి లాక్కుని. "నీకేం పోయింది? ఒక సంతకం. అటు నీ ఉద్యోగం మిగులుతుంది, ఇటు అన్నయ్య మిషను మిగులుతుంది. అరవై మందికి ఓటు పోతే పోయింది. ఇన్నాళ్ళూ వేసి వాళ్ళు ఊడబొడిచిందేముంది? రోడ్డు వస్తే మన వీధికి లాభమే కదా."

"వాళ్ళ ఇళ్ళ మీంచి వస్తుంది కదా రోడ్డు."

"రోడ్డు ఎవరో ఒకరి ఇంటి మీంచే వస్తుంది వదినా. మన ఇంటి మీంచి రావట్లేదు, అది చూసుకో."

ఆమె భర్త వైపు చూసింది. దర్జీ సూది కింద ఉన్న చొక్కా చేతినే చూస్తున్నాడు. కళ్ళెత్తకుండా అన్నాడు.

"పెట్టెయ్యి."

పద్దెనిమిదేళ్ళ కాపురంలో అతను ఆమెను ఏదీ చెయ్యమని గట్టిగా అన్నవాడు కాదు. ఇప్పుడూ గట్టిగా అనలేదు. అందుకే ఆ మాట ఎక్కువ బరువుగా పడింది.

పంతులమ్మ చెయ్యి చాపింది. "పుస్తకం ఇవ్వండి."

"పుస్తకం దేనికి మేడమ్? కాయితం మీద..."

"చూడకుండా సంతకం పెట్టొద్దని పిల్లలకి చెప్తాం. ఇవ్వండి."

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పింది. వెనక వీధి మూడు పేజీలు. ప్రతి పేరు ఎదురుగా తన సున్నాలు, గుండ్రంగా, ముద్దుగా, పిల్లలకి దిద్దబెట్టినట్టున్నాయి. ఇంకో పేజీ తిప్పింది. అది తన వీధి. వేలు కిందికి జారుతూ జారుతూ ఒకచోట ఆగిపోయింది.

తన ఇంటి నంబరు. మూడు పేర్లు. మూడు సున్నాలు.

ఆ రోజు గుర్తుకొచ్చింది. దర్జీ తన తల్లిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. తలుపుకి తాళం. పుస్తకం పట్టుకుని తన ఇంటి ముందు తనే నిలబడి, ఈ ఇంట్లోనూ ఎవరూ లేరే అని నవ్వుకుంటూ మూడు సున్నాలు పెట్టింది. తనకి కూడా. సొంత ఇల్లే కదా, ఎప్పుడైనా గీసుకోవచ్చు అనుకుంది.

"మా వీధి జాబితా ఎప్పుడు అంటిస్తారు?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"రేపు పొద్దున. ఎందుకు మేడమ్?"

ఆమె పుస్తకం తిప్పి చూపించింది. సూపర్‌వైజరు కళ్ళజోడు ముక్కు మీదకి తోసుకుని వంగి చూశాడు. మరిది కూడా వంగాడు. దర్జీ మిషను దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

"మనమా?" అన్నాడు దర్జీ.

"మనమే."

"అంటే నేను కూడా లేనా?" అంది అత్తగారు.

"లేరత్తయ్యా."

"మరి ఈ మోకాళ్ళ నొప్పి ఎవరిదే?"

లేని మనిషి సంతకం పెడితే ఉన్న మనుషులు పోతారు. ఆ ఆలోచన పంతులమ్మకి వెన్నులోంచి చలిలా పాకింది. నిన్నటి నుంచీ తను భయపడుతున్నది ఆ వీధి కోసం అనుకుంది. ఆ వీధికీ ఈ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క పేజీ.

"అయ్యో, ఇదేం పెద్ద పని కాదు మేడమ్," అన్నాడు సూపర్‌వైజరు గబగబా. నిజంగానే అతనికి ఉపకారం చేసే అవకాశం దొరికినట్టుంది. "సాయంత్రం అయిదు దాకా పుస్తకం మీదే. గోడకెక్కిన పేరైనా సరే, మీ చేత్తో సున్నాకి గీత పడి, కార్డు చూసి పక్కన నంబరు వేస్తే చెల్లుతుంది. అయిదు దాటాక పుస్తకం నాది, అప్పుడు నేనేం చెయ్యలేను. మీ ముగ్గురివీ గీసేసుకోండి. ఇదిగో పెన్సిలు."

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది.

"చూశావా వదినా," అన్నాడు మరిది తేలికపడి. "మన మూడూ గీసుకో, కాయితం మీద సంతకం పెట్టెయ్యి. అయిపోయింది."

పంతులమ్మ పెన్సిలు తీసుకుంది. వేళ్ళు చెమట పట్టి పెన్సిలు జారుతోంది. చీర కొంగుకి తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది. తన ఇంటి పేజీ చూసింది. మూడు గీతలు గీసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? తర్వాత తలుపు తీసుకోవచ్చు. మిషను తిరుగుతుంది. రేపు బడికి వెళ్ళి మొదటి గంటకి హాజరు పిలవొచ్చు. వెనక వీధి పిల్లలు కొన్నాళ్ళు వస్తారు. ఆ తర్వాత వాళ్ళ ఎదురుగా సున్నాలు పడతాయి. రెండో గంట కొట్టినా గీతలు పడవు.

ఆమె పేజీ వెనక్కి తిప్పింది. ఒకటి. ఇంకొకటి. మూడోది.

"అత్తయ్యా, కొంచెం లేస్తారా?"

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. "ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇంకా రెండో గంట కొట్టలేదు."

ముసలామె మోకాలు పట్టుకుని, మూలిగి, లేచింది. పంతులమ్మ దుప్పటి కిందనుంచి కట్ట తీసి, రబ్బరుబ్యాండు విప్పి, కార్డులు మంచం మీద పరిచింది.

సూపర్‌వైజరు మొహంలో నెత్తురు లేదు. అయిదు దాకా పుస్తకం మీదే అన్నది తనేనని అప్పటికి గుర్తొచ్చినట్టుంది. మరిది స్టూలు వెనక్కి తన్నుకుంటూ లేచాడు.

"ఇవన్నీ ఇక్కడున్నాయా? వదినా, నీకేమన్నా మతిపోయిందా? వీధి కార్డులన్నీ ఇంట్లో పెట్టుకుందని తెలిస్తే ఏం చేస్తారో తెలుసా?"

"తెలుసు."

"అన్నయ్యా, నువ్వన్నా చెప్పు."

మరిది ఒక్క క్షణం చూసి, జేబులోంచి ఫోను తీసి, గడియ లాగి బయటికి వెళ్ళాడు. తలుపు బార్లా తెరిచే ఉండిపోయింది. మోటారుసైకిలు చప్పుడు మాత్రం వినబడలేదు. వీధిలో నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మాటలు తెలియడం లేదు, 'ఇంట్లోనే' అన్న ఒక్క మాట తప్ప.

"నేను చూడలేదు మేడమ్," అన్నాడు సూపర్‌వైజరు. "ఈ కార్డులు నేను చూడలేదు." కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పుస్తకం మాత్రం లాక్కోలేదు.

మొదటి సున్నా. ఇస్త్రీ ఆవిడది. గీత వంకరగా పడింది. కార్డు కంటికి దగ్గరగా పెట్టుకుని నంబరు రాసింది. రెండోది ఆవిడ మొగుడిది. మూడో దానికి కార్డు వెతుక్కోవలసి వచ్చింది. పంకా గాలికి పేజీ లేస్తోంది. ఒక చేత్తో పేజీ, ఒక చేత్తో పెన్సిలు, కార్డులు ఏ చేత్తో పట్టుకుంటుంది?

పేజీ అంచు మీద బరువుగా ఏదో పడింది. దర్జీ పెద్ద కత్తెర. అతను మంచం పక్కన కింద కూర్చుని, కార్డులు వరసలో పెట్టి, కొలతలు రాయించేటప్పుడు చదివే గొంతుతో నంబర్లు చదవడం మొదలుపెట్టాడు.

"నాలుగు, ఏడు, ఏడు, రెండు."

గీత.

"నాలుగు, ఏడు, ఏడు, అయిదు."

గీత.

"ముందు మన మూడూ గీసుకోవే అమ్మాయ్," అంది అత్తగారు తెరిచిన తలుపు వైపే చూస్తూ. "వేళ మించిపోతే?"

"చివర్న అత్తయ్యా."

ఇరవై ఒకటి అయ్యాయి. గడియారం నాలుగూ ముప్పై అయిదు. వీధి మొగలో జీపు ఆగింది, మరిది ఫోనుకే కాబోలు. అంతకన్నా లోపలికి ఆ సందులోకి బండి రాదు. తలుపులు వేసిన చప్పుడు. ఒకటి, రెండు, మూడు. వెనక వీధి వైపునుంచి కూడా అడుగుల చప్పుడు వినిపిస్తోంది, పనుల్లోంచి దిగిన మనుషులది, చాలామందిది. ఏవి ముందు వస్తాయో తెలియడం లేదు.

"నాలుగు, ఏడు, ఎనిమిది..."

గుమ్మంలో నీడ పడింది. ఈసారి రెండు పాదాలది కాదు. సూపర్‌వైజరు గోడ వైపునుంచి తిరగలేదు. దర్జీ నోట్లో నంబరు సగంలో ఆగిపోయింది.

"చదవండి," అంది పంతులమ్మ తలెత్తకుండా.